పదిహేడో వడ

పిల్లలూ, మన పెళ్ళిళ్ళలో భోజనాల వేళకు డీజే ఆ వియ్యపురాలి పాట పెడతాడు కదా. మీరంతా ఆకుల ముందు నుంచి లేచి ఎంగిలి చేతులతోనే గెంతుతారు కదా. అందులో రెండో చరణం అయిపోగానే ‘టక్’ మని ఒక దెబ్బ వస్తుంది, గమనించారా? మీరు సరిగ్గా ఆ దెబ్బకే ఒక భుజం ఎగరేస్తారు. బ్యాండు వాళ్ళు ఆ పాట వాయించినా అక్కడ డ్రమ్ము మీద ఒకటి కొడతారు. గుడియాత్తంలో ఒక నాదస్వరం ఆయన ఆ చోటు రాగానే పక్కన తవిలు డోలు వాయించే ఆయనకు కన్ను గీటి మరీ టక్కుమనిపించడం నేను రెండు చెవులతో విన్నాను.

ఆ టక్కు తాళం కాదు, సంగీతం అసలే కాదు. ఆ టక్కు నాది. వేలూరులో ఒక కేసెట్ కొట్లో కూర్చుని నేను నొక్కిన మీట చప్పుడది. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పులన్నిట్లోకీ పెద్ద తప్పు, దానికి మీరు డాన్సులు చేస్తున్నారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒక్కోసారి అన్నం తింటూనే నవ్వొచ్చి పొలమారుతుంది. ఎవరికీ చెప్పకుండా పోతే ఎట్లా అని ఇప్పుడు రాస్తున్నాను.

ముందు పాట కథ చెప్పాలి. వేలూరు, గుడియాత్తం, పొన్నై, ఆలంగాయం చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళలో పెళ్ళికొడుకు తల్లి భోజనానికి కూర్చుంటే, పెళ్ళికూతురు వైపు ఆడవాళ్ళు ఆమె వెనక నిలబడి ఆటపట్టిస్తూ పాడే పాట అది. మొత్తం నాలుగు చరణాలు. మూడో చరణంలో ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఆ రోజు పెళ్ళికొడుకు వాళ్ళ ఇంటిపేరు వేసి, వాళ్ళ మీద అప్పటికప్పుడు ఒక ఎగతాళి కట్టి పాడాలి. ఈ వారం ఒక ఇల్లు, వచ్చే వారం ఇంకో ఇల్లు. అందరికీ వంతులవారీగా అక్షింతలు పడతాయి కాబట్టి ఎవరికీ కోపం ఉండదు. దీన్ని ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. రాసినా చదివేవాళ్ళు ఏరీ? మనలో తెలుగు గడగడా మాట్లాడేవాళ్ళే కానీ అక్షరాలు వచ్చినవాళ్ళు తక్కువ. పాట ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి నడిచింది, అంతే.

నేను చెడ్డీలు వేసుకుని తిరిగే రోజుల్లో మద్రాసు నుంచి గ్రామఫోను ప్లేటు కంపెనీ వాళ్ళు పల్లెపాటలు పాడేవాళ్ళను వెతుక్కుంటూ ఇటు వచ్చారట. పొన్నై దగ్గర ఒక ఇంటి పెద్దమ్మాయి గొంతు విని, మద్రాసుకు తీసుకెళ్ళి ఈ పాట పాడించారు. మూడో చరణంలో ఖాళీ ఉంటుందని కంపెనీ వాళ్ళకు తెలియదు. ఈ ప్లేటు అందరి పెళ్ళిళ్ళలోనూ మోగుతుందని ఆమెకు తెలియదు. తన చెల్లెల్ని గుడియాత్తంలో ఇచ్చి ఎన్నో నెలలు కాలేదు. నోటికి అలవాటైన ఇంటిపేరు అదే, దాన్నే పెట్టి, వాళ్ళ మీద తాను కట్టిన ఎగతాళే పాడేసి వచ్చింది. ప్లేటు అచ్చయింది. దాంతో ఆ ఖాళీలో ఒకే ఒక్క కుటుంబం ఎప్పటికీ కదలకుండా కూర్చుండిపోయింది!

ఇంకా చూడండి తమాషా. ప్లేటు వచ్చాక ఆడవాళ్ళు పాడటం మానేశారు. గొంతు నొప్పి ఎందుకు, మైకు సెట్టు ఆయన వేస్తాడులే అన్నారు. ఇక ఎవరి పెళ్ళయినా, ఎక్కడి వియ్యపురాలైనా, తిట్లు మాత్రం ఆ గుడియాత్తం ఇంటికే. ఆ ఇంటిపేరు నేనిక్కడ రాయను. ఆ చరణం మాత్రం రాస్తాను. అప్పట్లో పొన్నై నుంచి తిరుపత్తూరు దాకా అందరికీ నోటికొచ్చిన ముక్క ఇది.

*ఫలానా వారింటి వియ్యపురాలమ్మ*
*వరసాన కూర్చుండి వడలన్ని మెక్కె*
*పదహారు వడలేమొ ఆకులో తిన్నాది*
*పదిహేడో వడ జూడు కొంగునా కట్టె*

కొంగునా కట్టె అనగానే పందిరంతా ఘొల్లుమనేది. ఆ తర్వాత ఇంకో రెండు పంక్తులు ఉండేవి. నవ్వు తగ్గేసరికి నాలుగో చరణం వచ్చేసేది. ఆ రెండు పంక్తులూ ఏమిటని ఎవరూ అడగలేదు.

నేను ఇరవై ఏళ్ళు దాటాక గుడియాత్తంలో ఒక మైకు సెట్టు కొట్లో చేరాను. యజమానిని మేమంతా మొదలాళీ అనేవాళ్ళం. సన్నటి మనిషి, గట్టి గొంతు. గొట్టం స్పీకర్ల కంటే ఆయన గొంతే దూరం పోతుందని కస్టమర్లు అనేవాళ్ళు. మొదటి రోజే ఆయన నాకు ఆ ప్లేటు చూపించాడు. దాని మీద ఒక చోట సున్నంతో తెల్లచుక్క పెట్టి ఉంది.

“ఇదో, ఈ ప్లేటు ఏసేటప్పుడు నీ చెయ్యి దీని కాడే ఉండాల. రెండో చరణం అయిపోతానే ముల్లెత్తు. ఈ తెల్లచుక్క కాడ దించు. మధ్యలో ఉండేది మనకొద్దు.”

“మధ్యలో ఏముండాది మొదలాళీ?”

“పదహారు వడలుండాయి. నోరు మూసుకోని ముల్లెత్తు.”

విషయం ఏమిటంటే, ఆ ఇంటి పెద్దామె, అంటే పాటలోని వియ్యపురాలు, ఇంకా బతికే ఉంది. ఆ కుటుంబానికి చుట్టాలు లేని ఊరు లేదు. ఏ పెళ్ళికి వెళ్ళినా వాళ్ళలో ఒకరు తగులుతారు. అందుకని మొదలాళి ప్లేటు కొన్న రోజు నుంచీ ఆ చరణాన్ని ఎక్కడా మోగనివ్వలేదు. మిగతా మైకు సెట్ల వాళ్ళు ఆ ఇంటివాళ్ళు లేనిచోట వేసేవాళ్ళు. మా మొదలాళి లేనిచోట కూడా వేయడు. ముల్లు ఎత్తి దించడంలో నాకు మంచి పేరొచ్చింది. పాట తెగినట్టే తెలిసేది కాదు. నా చూపుడు వేలు, బొటనవేలు చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. అంత గొప్ప వేళ్ళు!

ఆ గొప్పంతా ఒక్క పూటలో పోయింది. గుడియాత్తంలోనే ఒక సత్రంలో పెళ్ళి. భోజనాల మొదటి వరసలో ఆ పెద్దామె కూర్చుంది. మొదలాళి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. వంటాయన నా మీద ప్రేమకొద్దీ ఒక ఆకుముక్కలో రెండు వడలు పెట్టి ఇచ్చాడు. అప్పుడే నూనెలోంచి తీసిన వడలు, మిరియాలు తగులుతున్నాయి. ఒకటి తినేశాను. రెండోది సగంలో ఉంది. రెండో చరణం అయిపోయింది. ముల్లు ఎత్తబోయాను. నూనె వేళ్ళు! జర్రున జారాయి. మళ్ళీ పట్టుకోబోయాను, మళ్ళీ జారాయి. ఈలోపు వీధి చివర కట్టిన గొట్టంతో సహా నాలుగు స్పీకర్లూ ఆ ఇంటిపేరు ఊరంతా చాటేశాయి.

మొదలాళి తడికాళ్ళతో పరుగెత్తుకొచ్చి చేతికందిన వైరు పీకాడు. పీకవలసింది స్పీకర్ల వైరు. ఆయన పీకింది ప్లేటు తిప్పే మోటారు వైరు. దాంతో పాట ఆగలేదు, కుంగిపోయింది. “పదిహే...డో... వ...డ... జూ...డూ... కొం...గూ...” అంటూ ఆ ఆడమనిషి గొంతు దున్నపోతు గొంతుగా మారి, మూలిగి మూలిగి నాలుగు స్పీకర్లలోనూ ప్రాణం విడిచింది. జనం ఆకుల మీద పడి నవ్వారు. ఒకాయన ముక్కులోంచి రసం వచ్చింది. నవ్వకుండా ఉండటానికి నేను పడిన పాట్లు నాకే తెలుసు.

నవ్వనిది ఒక్క ఆ పెద్దామే. ఆకు ముందు నుంచి లేచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా నోట్లో ఇంకా సగం వడ ఉంది.

“నువ్వేనా అప్పా ఏసింది?”

తల ఊపాను.

“నువ్వెన్ని తిన్న్యావు?”

“ఒకటిన్నర అమ్మా.”

“నీ ఒకటిన్నర ఎవురూ పాడరు లే,” అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. నేను ఆమె ఆకు వైపు చూశాను. అన్నం, పప్పు, పచ్చడి, పాయసం అన్నీ వడ్డించి ఉన్నాయి. వడ మాత్రం లేదు. అది ఎందుకు లేదో ఆలోచించే తెలివి అప్పుడు నాకు లేదు.

ఆమె వెనకే ఆమె కోడలు వెళ్తోంది. చేతిలో మజ్జిగ చెంబు. నలభైకి దగ్గర పడిన మనిషి. ఒక్క క్షణం నా దగ్గర ఆగి, అత్తకు వినపడకుండా అడిగింది.

“ఏమప్పా, కొంగున కట్టె అన్నాక ఏముంటాది?”

“తెలీదమ్మా. మేము ముల్లెత్తేస్తాము.”

“అందరూ ఎత్తేస్తారు,” అని గబగబా వెళ్ళిపోయింది. మజ్జిగ చెంబులోంచి ఒలికి నా కాలి మీద పడటం గుర్తుంది. ఆ ప్రశ్న మాత్రం మరిచిపోయాను.

ఆ రోజు పెద్దామె తినకుండా లేచిపోవడం నన్ను చాలాకాలం పీడించింది. ఒక ముసలమ్మను పస్తుపెట్టానే అనిపించేది. అందుకే తర్వాత ఒక మంచిపని చేశాననుకున్నాను. నా మంచిపనులు ఎట్లా ఉంటాయో చూడండి.

ప్లేట్లు పోయి కేసెట్లు వచ్చాయి. నేను వేలూరులో, కోటకు ఎదురుగా ఉన్న ఒక సందులో కేసెట్లు రికార్డు చేసే కొట్లో చేరాను. జనం ఖాళీ కేసెట్టూ, కాగితం మీద రాసుకున్న పాటల పట్టికా తెచ్చి ఇచ్చేవాళ్ళు. మేం ఎక్కించి ఇచ్చేవాళ్ళం. పెళ్ళిళ్ళ కాలం రాగానే అందరూ అడిగేది వియ్యపురాలి పాటే. అప్పటికి బజారులో ఆ ప్లేటు దొరకడం లేదు. గుడియాత్తం వెళ్ళి మొదలాళిని బతిమాలాను. ఆయన ప్లేటుకు గుడ్డ చుట్టి నా చేతిలో పెట్టి, “ముల్లు గుర్తుండాదా?” అన్నాడు. గుర్తు లేకేం!

ప్లేటు పెట్టాను. రెండో చరణం అయింది. టేపు ఆపే మీట నొక్కాను. ముల్లెత్తి తెల్లచుక్క దగ్గర దించాను. మీట వదిలాను. టక్! అంతే. ఇక ఏ పెళ్ళిలోనూ ఎవరి వేళ్ళూ జారనక్కర్లేదు. చరణమే లేదు కదా. పెద్దామె హాయిగా భోంచేయవచ్చు. నాకు నేనే శభాష్ చెప్పుకుని ఎదురు కొట్లో ఒక టీ తాగాను.

ఆ కేసెట్టు నుంచి ఇంకో కేసెట్టు, దాన్నుంచి ఇంకోటి. పొన్నై వాళ్ళు పట్టుకెళ్ళారు. ఆలంగాయం వాళ్ళు, తిరుపత్తూరు వాళ్ళు పట్టుకెళ్ళారు. తర్వాత సీడీలు వచ్చాయి. సీడీల్లోకి ఎక్కింది నా కేసెట్టే. తర్వాత మెమరీ కార్డులొచ్చాయి. అవి ఎక్కించే పని కూడా కొన్నాళ్ళు నేనే చేశాను. తర్వాత మీ ఫోన్లొచ్చాయి, నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఎన్ని రూపాలు మారినా టక్కు మాత్రం పోలేదు. సినిమా పాటలు పాడే ఒకమ్మాయి ఈ పాటను కొత్తగా పాడితే, వెనక వాయించినవాళ్ళు ఆ టక్కును కంజీర మీద వాయించారు. పాట నాలుగు చరణాలని చెప్పేవాళ్ళు కూడా లేరు. మూడే అనుకున్నారు. ఆడవాళ్ళ నోళ్ళలోంచి పాటను ప్లేటు తీసేసింది. ప్లేటులోంచి చరణాన్ని నేను తీసేశాను.

ఆమధ్య ఒక రోజు గుడియాత్తంలో మా ఇంటికి ఒకాయన వచ్చాడు. లుంగీల వ్యాపారం చేసే పెద్దమనిషి. ఆ ఇంటిపేరు చెప్పి పరిచయం చేసుకున్నాడు. ముల్లెత్తడానికన్నట్టు నా కుడిచెయ్యి దానంతటదే ఒళ్ళోంచి పైకి లేచింది.

“అన్నా, మా కూతురి పెండ్లి. వేలూరులో మండపం. మా అవ్వకు ఆ పాట కావాలంట. డీజే తంబి పెట్టి చూపిస్తే, ‘ఇది కాదు, మూడోది యాడ?’ అనింది. ఫోనులో ఉండేవన్నీ ఇనిపించినాము. అన్నీ ఒకటే. ‘మైకు సెట్టులో వడ తింటా ఉండిన ఆయప్పను పిలుచుకోని రాండి’ అంటా ఉండాది. అది మీరేనంట గదా?”

నేనే. ఇన్నేళ్ళ సర్వీసుకు నాకు మిగిలిన బిరుదు అది.

ఆ సాయంత్రమే వెళ్ళాను. అవ్వంటే మరెవరో కాదు, మజ్జిగ చెంబు పట్టుకున్న ఆనాటి కోడలు. అత్త పోయి చాలాకాలమైంది. అవ్వకు తొంభై దగ్గర పడింది. కళ్ళు మసక, నోరు మాత్రం చురుకు. నన్ను చూడగానే, “చెయ్యి కడుక్కోని వచ్చినావా?” అంది. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత అందర్నీ బయటికి పంపి, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది.

“నా పెండ్లి పొద్దు తెల్లారినప్పట్నుంచి ఒక్క ముద్ద పెట్టలేదు నాయనా నాకు. తాళి కట్టేదాకా తినగూడదనిరి. కట్టినాక చుట్టాలు వదల్లా. కండ్లు తిరగతా ఉంటే స్తంభం పట్టుకోని నిలబడితి. మా అత్త చూసింది. చెయ్యి పట్టుకోని సామాన్ల రూములోకి పిలుచుకోని పోయింది. కొంగు ముడి ఇప్పింది. వడ. ఇంగా ఏడిగా ఉండాది. ‘తిను, ఎవురూ రాకముందే తిను’ అనె.”

అవ్వ కొంగు చివర వేళ్ళతో తడుముకుంది.

“మా అక్కకు ఒక్కదానికే చెప్పినా. మా అత్త ఎంత మంచిదో చూడక్కా అని చెప్పినా. అది పోయి ప్లేటులో పాడేసింది. ఊరంతా మా అత్తను వడల దొంగని నవ్వె. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే గదా, నేనే చెప్పినానని మా అత్తకు తెలిసిపాయ. నన్ను ఒక్క మాటన్లా. మా అక్కను మాత్రం మళ్ళీ గడప తొక్కనీలా. చచ్చేదాకా వడ ముట్లా. మా అక్క గూడా తొందరగా పాయ. అడుగుదామంటే ఎవురుండారు?”

“ఏమి అడగాల అవ్వా?”

“ఆ వడ ఎవురికని మా అక్క చెప్పిందా లేదా అని. కొంగున కట్టె అన్నాక ఇంగా ఉండాదని అందరూ అంటిరి, ఏముండాదో ఒక్కరూ చెప్పలా. మా అక్క నా అత్తను నవ్వులపాలు చేసేదానికే పాడిందా, నా మాట చెప్పిందా? అది తెలుసుకోకుండా నేను పోను. నువ్వు ఆ పొద్దు తెలీదంటివి. ఇప్పుడన్నా తెలిసిందా?”

తెలియదన్నాను, పిల్లలూ. అది ఎవరికీ తెలియకుండా జిల్లా అంతటా తుడిచేసినవాణ్ణి నేనే అని ఒప్పుకున్నాను. అవ్వ కోప్పడలేదు. “నీ కాడ ప్లేటు ఉండాదా?” అంది.

ఉంది. మొదలాళి కొట్టు మూసేసేటప్పుడు తన ప్లేట్ల పెట్టె నాకే ఇచ్చాడు. ఇంటికెళ్ళి మంచం కింది నుంచి లాగాను. గుడ్డ విప్పితే తెల్లచుక్క అట్లాగే ఉంది, కానీ అంచు నుంచి లోపలికి ఒక సన్నటి బీట. ఒకసారి తిరుగుతుందేమో, రెండోసారి తిరుగుతుందని చెప్పలేం. నా పాత ప్లేయరు ఇంకా ఉంది కానీ ప్లేటు తిప్పే లోపలి రబ్బరు చక్రం పొడి అయిపోయింది. సైకిలు ట్యూబు కోసి చుట్టాను. మొదట నత్తలా తిరిగింది. ఇంకో చుట్టు చుడితే సుడిగాలిలా తిరిగి, నేను పరీక్ష కోసం పెట్టిన వేరే ప్లేటు ఎగిరి ఉతికిన బట్టల బుట్టలో పడింది. మా ఆవిడ, “ఈ వయసులో ఈ ఆటలేంది?” అని అరిచింది. నాకు మాత్రం ఇరవై ఏళ్ళు వచ్చినట్టుంది. మూడు రోజులు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు, ఊరికే నవ్వొస్తోంది. ఆ రెండు పంక్తుల్లో ఏమీ లేకపోతే? వడల దొంగ అనే మాటే ఇంకోసారి ఉంటే? అది తలుచుకుంటే నవ్వు ఆగిపోయేది.

పెళ్ళి రోజు వేలూరు మండపంలో డీజే కుర్రాడు నా ప్లేయర్ని చూసి మురిసిపోయి ఫోటోలు తీసుకున్నాడు. నెత్తిన రంగు వేసుకున్నా పని తెలిసినవాడు.

“తాతా, ముందు రూములో ఒక టేక్ ఎత్తుకుందాం. సేఫ్టీకి.”

“ముందు అవ్వ. తర్వాత నీ సేఫ్టీ.”

“ప్లేటు పగిలిపోతే?”

“పగిలేది అవ్వ చెవిలో పగలనీ!”

నా కోపం చూసి వాడు వైరు తన పెట్టెలోకి కలిపి, మోగుతుండగానే రికార్డయ్యేటట్టు చేశాడు. మంచివాడు.

ముహూర్తం అయింది. భోజనాల హాల్లో మొదటి వరస కూర్చుంది. ఆకుల్లో వడలు పడ్డాయి. అవ్వను చక్రాల కుర్చీలో తెచ్చి నా పక్కనే కూర్చోబెట్టారు. ఆమె నా కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ఈ చెయ్యి నా కాడ ఉండనీ. దీన్ని నేను నమ్మను.”

ఎడమ చేత్తో ముల్లు దించాను. మొదటి చరణం. అరిగిపోయిన ప్లేటు, మూకుట్లో వడలు వేగుతున్న చప్పుడులోంచి ఎవరో పాడుతున్నట్టుంది. కుర్రవాళ్ళు మొహాలు చూసుకున్నారు. రెండో చరణం ఇంకా ఘోరం. బీట వచ్చినప్పుడల్లా టిక్కు, టిక్కు. చరణం చివరికి వచ్చింది. ఒట్టు, నేను కదిలించలేదు, నా కుడిచెయ్యి దానంతటదే ముల్లు వైపు ఎగిరింది. అవ్వ రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. తొంభై ఏళ్ళ మనిషికి అంత బలం ఎక్కడిదో!

ముల్లు మూడో చరణంలోకి వెళ్ళింది. హాలంతా ఉలిక్కిపడింది. బీట అంతదాకా రాలేదు, టిక్కు లేదు, గరగర లేదు. పక్కగదిలో కూర్చుని పాడుతున్నంత తేటగా ఒక పడుచు గొంతు ఆ ఇంటిపేరు పలికింది. ముందు నాకూ అర్థం కాలేదు, తర్వాత తట్టింది. మిగతా చరణాలన్నీ వేలసార్లు తిరిగి అరిగిపోయాయి. దీన్ని మేం తిరగనిస్తే కదా! ప్లేటు కొన్నప్పటి నుంచి ఒక్కసారి, అదీ సగమే మోగింది.

“మా అక్క,” అంది అవ్వ.

పదహారు వడలొచ్చాయి. పదిహేడోది వచ్చింది. కొంగునా కట్టె అనగానే అదిగో, హాలంతా ఘొల్లుమంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా సరిగ్గా అక్కడే! నేను ఇంకేమీ ఆలోచించలేదు. డీజే చేతిలో మైకు లాక్కుని అరిచాను.

“నవ్వొద్దండీ! ఎవురూ నవ్వొద్దండీ! అందరూ నోళ్ళు మూయండీ!”

నలభై ఏళ్ళు పెళ్ళివారికి చేతులు కట్టుకుని పనిచేసినవాణ్ణి, వియ్యాలవారిని పట్టుకుని నోళ్ళు మూయమన్నాను. మండపం మండపం బిత్తరపోయి నోరు మూసింది. ఆ నిశ్శబ్దంలో ప్లేటులోని అక్క పాడింది.

*తన కొరకు కాదమ్మ దాచింది ఆ వడను*
*తెల్లారి ముద్దలేని కొత్తకోడలికి*

అంతే, నాలుగో చరణం మొదట్లో, మేం దించి దించి గీరిన చోట ముల్లు ఎగిరిపడింది. అప్పుడు ఎత్తాను, ఎడమ చేత్తో.

అవ్వ నా కుడిచెయ్యి ఇంకా వదల్లేదు. ఆమె మొహం చూద్దామంటే నా కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చాయి. కానీ ఆమె ఏడవడం లేదు, నవ్వుతోంది. పళ్ళు లేని నోటితో, భుజాలు ఊగిపోయేటట్టు నవ్వుతోంది.

“చెప్పింది నాయనా! మా అక్క చెప్పింది! అంత బాగా చెప్పింది!” అని, తల పైకెత్తి, “అత్తా, ఇన్న్యావా? నువ్వు ఆ పొద్దు కొంచేపు కూర్చోని ఉంటే ఇనుందువు గదా!” అని అరిచింది.

ఆ పొద్దు పెద్దామె కూర్చునే ఉన్నా ఏం వినేది? మోటారు వైరు పీకేశాం కదా. నా వేళ్ళు జారడం తప్పు కాదు పిల్లలూ, జారినదాన్ని జారనివ్వకుండా ఆపడం తప్పు. ఇది నేను ఎవరితోనైనా వాదించగలను. డీజే పరుగున వచ్చి, మొత్తం పడింది తాతా, సూపరా పడింది అన్నాడు. కొత్త రీమిక్సులో నాలుగు చరణాలూ పెడతానన్నాడు. కానీ ఆ టక్కు తీసేయనన్నాడు. అది లేకపోతే జనం ఒప్పుకోరట!

ఈలోగా అవ్వ తనకు వడ్డించిన ఆకులోంచి ఒక వడ తీసింది. పట్టుచీర కొంగులో పెట్టి ముడి వేసింది. మనవణ్ణి పిలిచి కుర్చీ వేదిక వైపు తోయమంది. అక్కడ పెళ్ళికూతురు ఫోటోల వాళ్ళ మధ్య నిలబడి ఉంది. తల ఇటు తిప్పమ్మా, గడ్డం కొంచెం దించమ్మా అంటూ వాళ్ళు ఆ పిల్లను వదలడం లేదు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని మొహమే చెబుతోంది. అవ్వ వాళ్ళందర్నీ చేత్తో పక్కకు తోసి కొంగు ముడి విప్పింది.

“అయ్యో అవ్వా, పట్టుచీర! నూనె అంతా పట్టేసింది!” అంది పిల్ల.

“ఆ పొద్దు మా అత్తతో నేనూ ఇదే అన్న్యా,” అంది అవ్వ. “తిను.”